దిగులుగా ఉందా? చెప్పులేసుకోండి!

సాయంత్రం ఆరు. ఫ్యాక్టరీ వ్యాను దిగారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నారు, కాఫీ తాగారు. ఒళ్ళు అలిసింది, అది రోజూ ఉండేదే. ఇవాళ మనసు కూడా బరువుగా ఉంది. ఎందుకంటే చెప్పలేరు. టీవీ పెడితే చిరాకు. "ఏమైంది?" అని ఎవరైనా అడిగితే ఇంకా చిరాకు. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. రీల్స్. ఒకటి, పది, యాభై. గంట గడిచింది. తలెత్తి చూస్తే మనసు ఇందాకటి కంటే ఇంకో మెట్టు కిందికి దిగి కూర్చుంది.

అదే ఫోన్‌తో ఆ మెట్టు ఎక్కి రావచ్చు.

చెప్పులేసుకోండి. ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించండి. మంచి పాడ్‌కాస్ట్ ఒకటి పెట్టుకుని ఇరవై నిమిషాలు నడవండి. ఏం వినాలి, ఎలా వినాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలిస్తే చాలు. మీరు చేయగలరు. నేను చేశాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

మాది తాయిల్పట్టి వైపు. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, వెంబకోట్టై పక్కన. చుట్టూ కరిసల్ నేల, అంటే నల్లరేగడి. దాని నిండా సర్కారు తుమ్మ, అక్కడక్కడా తాటిచెట్లు, మధ్యలో టపాసుల ఫ్యాక్టరీల రేకుల షెడ్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. "బాగుండారా?" అని పలకరించుకుంటాం. ఆ మాటను తెలుగులో రాయమంటే మాత్రం మాలో చాలామందికి రాదు.

దిగులుకు మా దగ్గర ఒక సీజన్ కూడా ఉంది. దేశమంతా దీపావళి చేసుకున్నాక మాకు కొన్నాళ్ళు పని ఉండదు. బోనస్ డబ్బులు కరిగిపోతాయి. పగలు పొడుగైపోతుంది. కొన్నేళ్ళ కిందట అలాంటి రోజుల్లోనే నా చిన్న క్యాలెండర్ల వ్యాపారం మూతబడింది. నెల రోజులు మంచం దిగలేదు. ఒక సాయంత్రం మా అమ్మ నా చేతిలో చెప్పులు పెట్టి, "అంగడికి పోయి చక్కెర తీసుకురా" అంది. ఇంట్లో చక్కెర ఉందని నాకు తెలుసు. అయినా పోయాను. మోటివేషన్ స్పీకర్‌గా నా ట్రైనింగ్ క్లాసుల్లో ఇప్పుడు చెప్పేదంతా ఆ చక్కెరతోనే మొదలైంది.

ముందు కాళ్ళు

"మూడ్ బాగయ్యాక నడుస్తాను" అంటారు. తప్పు! ముందు నడవండి, మూడ్ వెనకాలే వస్తుంది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. డిప్రెషన్‌కు చేసే చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది. మనసు మారేదాకా ఆగకుండా ముందు చిన్న పని మొదలుపెట్టించడం దాని కిటుకు. దిగులు మనల్ని పనులు మానేయమంటుంది. మానేసిన కొద్దీ దిగులు బలుస్తుంది. ఆ గొలుసును తెంపడానికి చేతికి అందే మొదటి కొక్కెం నడక.

ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు. పదివేల అడుగుల లెక్క పెట్టుకుని బెదిరిపోకండి. ఆ అంకెకు పుట్టిల్లు ఆసుపత్రి కాదు, 1960లలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు. దాని పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు! పేరు బాగుంది, అమ్ముడుపోయింది, మన నెత్తిన కూర్చుంది.

మీరు వాకిలి దాటండి. ఇవాళ్టికి అదే టార్గెట్.

వినకూడనివి

దిగులుగా ఉన్నప్పుడు న్యూస్ డిబేట్లు వద్దు. క్రైమ్ కథలు వద్దు. ఒకే విరహగీతాన్ని పదిసార్లు తిప్పి వినడం అసలే వద్దు, అది పుండు మీద గోకడం.

ఇంకొకటి. మోటివేషన్ స్పీచ్‌లు కూడా వద్దు! అవును, అదే వృత్తిగా బతికేవాణ్ని చెబుతున్నాను. మనసు కింద పడి ఉన్నప్పుడు ఎవరో గొంతు చించుకుని "లే, గెలువు, సింహంలా గర్జించు" అంటే ఏమవుతుంది? లేవలేకపోతున్నందుకు ఇంకో దిగులు తోడవుతుంది. మా లాంటి వాళ్ళను మీరు హుషారుగా ఉన్న రోజు వినండి. దిగులు పూట మీకు ఉపదేశం పనిచేయదు. పక్కన నడుస్తూ ఏదో ఒక కథ చెప్పే మనిషి గొంతు కావాలి. ఆ గొంతు మీ ఇంటి భాషలో ఉంటే మందు సగం పనిచేసినట్టే.

చెవి మీద బతికిన తెలుగు

మాకు ఇంటి భాష గొంతు ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ కాస్త ఆగి మా నేల గురించి చెప్పాలి.

మా పక్క జిల్లాలోని కోవిల్‌పట్టి నుంచి కాస్త దూరం పోతే ఎట్టయపురం. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూసిన ఊరు. వాళ్ళ వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథాన్ని అచ్చు వేయించింది ఆ ఊళ్ళోనే. ఏ లిపిలోనో తెలుసా? తెలుగులో! కర్ణాటక సంగీతానికి పెద్ద ఆధారమైన పుస్తకం మా కరిసల్ నేల మీద తెలుగు అక్షరాల్లో పుట్టింది. ఆ అక్షరాలు ఇవాళ మా పిల్లలకు రావు. భాష మాత్రం ఇళ్ళల్లో నిలిచింది. ఎలా? చెవుల్లోంచి చెవుల్లోకి.

కోవిల్‌పట్టి దగ్గరే ఇడైసెవల్. 1923లో అక్కడొక తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి, కరిసల్ సాహిత్యానికి పెద్దదిక్కు అయ్యారు. కి.రా. అంటే తమిళ పాఠకులకు ఇంటి మనిషి. బడి చదువు కొద్ది. కథలు రాయడం మొదలుపెట్టింది కూడా ముప్పై దాటాకే. అయినా 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. పెట్టుబడి ఏంటంటే, చెవులు! ఊరివాళ్ళ మాటలు విన్నారు, ముసలివాళ్ళ కథలు విన్నారు, అవన్నీ పోగేశారు. కరిసల్ నేల మాటలకు ఏకంగా ఒక నిఘంటువే తయారు చేశారు. 1976లో వచ్చిన ఆయన "గోపల్ల గ్రామం" నవలలో, తెలుగువాళ్ళు దక్షిణాదికి తరలి వచ్చిన కథంతా చెప్పేది నూరేళ్ళు దాటిన ఒక అవ్వ. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వింటారు. అది పాడ్‌కాస్ట్ కాదంటారా? మైకు లేదు, అంతే తేడా!

అవ్వల కథల తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. రేడియో సిలోన్‌ను మా వైపు ఇలంగై వానొలి అంటాం. తమిళ పాటలు అందులో విన్నాం. మీనాక్షి పొన్నుదురై గారి గొంతులో తెలుగు కార్యక్రమాలూ అందులోనే విన్నాం. సముద్రం అవతలి నుంచి తెలుగు వచ్చి మా వసారాల్లో కూర్చునేది.

ఇప్పుడు అదే పని పాడ్‌కాస్ట్ చేస్తోంది. 2004లో ఒక బ్రిటిష్ జర్నలిస్టు ఐపాడ్‌నూ బ్రాడ్‌కాస్ట్‌నూ కలిపి కుట్టిన మాట అది. పేరు కొత్తది, పని పాతది. తెలుగు చదవడం రాకపోయినా పర్లేదు. వింటే చాలు. అసలు ఈ వ్యాసాన్ని చదవగలుగుతున్నారంటే మీరు అదృష్టవంతులు. మీ పక్కింటి అత్తకు ఇందులో ఒక పేరా చదివి వాయిస్ మెసేజ్ పంపండి.

నా ఫోన్‌లో ఉన్నవి

అందరికీ ఒకే మందు పనికిరాదు. దిగులు రకాన్ని బట్టి గొంతు మార్చండి.

మనసు మూగబోయిన రోజున "హర్షణీయం" వినండి. తెలుగు కథల్ని నెమ్మదిగా, హడావుడి లేకుండా చదివి వినిపిస్తారు. రచయితలతోనూ అనువాదకులతోనూ మాట్లాడిస్తారు. ఒక కథ, ఒక నడక. కథలో ఇంకొకరి కష్టం వింటూ ఉంటే మన కష్టం కాసేపు పక్కకు జరిగి కూర్చుంటుంది. కోస్తా పుస్తకాల భాష మొదట్లో మా చెవులకు కొత్తగా తగులుతుంది. నాలుగు ఎపిసోడ్లు ఓపిక పట్టండి, అలవాటైపోతుంది. ఇంకో మాట: నామిని కథలుగానీ, స.వెం. రమేశ్ "ప్రళయకావేరి కథలు"గానీ ఎక్కడైనా ఆడియోలో దొరికితే వదలకండి. వాటిలో ఉన్నది మన అవ్వలు మాట్లాడే తెలుగుకు దగ్గరి చుట్టం.

ఒకే ఆలోచన బుర్రలో గిర్రున తిరుగుతోందా? అప్పుడు పొడుగాటి జీవిత కథ కావాలి. కాలిఫోర్నియాలో ఉంటూ "కౌముది" వెబ్ మాసపత్రిక నడిపే కిరణ్ ప్రభ గారి టాక్ షోలు పెట్టుకోండి. రచయితలు, సినిమావాళ్ళు, చరిత్రలోని మనుషులు ఒక్కొక్కరి గురించి భాగాలు భాగాలుగా చెబుతారు. పక్కింటి మాస్టారు అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. ఒక భాగం అయ్యేసరికి రేపటి భాగం మీద ఆశ పుడుతుంది. దిగులుగా ఉన్న మనిషికి రేపటి మీద చిన్న ఆశ చాలా పెద్ద విషయం.

బద్ధకంతో, కోపంతో కలిసి వచ్చే దిగులుకు డైరెక్టర్ పూరి జగన్నాథ్ "పూరి మ్యూజింగ్స్". 2020లో మొదలుపెట్టారు. చిన్న చిన్న ముక్కలు. మొహమాటం లేకుండా మాట్లాడే స్నేహితుడిలా ఉంటారు. ఆయన చెప్పేవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. నడుస్తూ వాదించుకోండి! వాదించేంత ఓపిక వచ్చిందంటే దిగులు తగ్గుతున్నట్టే.

పుస్తకం మొత్తం వినాలనుంటే "దాసుభాషితం" యాప్‌లో తెలుగు ఆడియో పుస్తకాలున్నాయి. తమిళంలో వినడం ఇష్టమైతే తిరువణ్ణామలై బవా చెల్లదురై కథ చెప్పే తీరు చూడండి. చేతిలో కాగితం లేకుండా ఒక కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పేస్తారు. మనకు రెండు భాషలున్నాయి, రెండు మందుల పెట్టెలున్నట్టు. ఒకటే తెరవడం ఎందుకు?

కొన్ని రోజులు మాటలే పడవు. ఎవరి గొంతు విన్నా ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ రోజు కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరం పెట్టుకోండి. కోవిల్‌పట్టిలో కాపురమున్న విద్వాంసుడు ఆయన. 1962లో వచ్చిన "కొంజుం సలంగై" సినిమాలో ఎస్. జానకి గొంతుతో ఆయన నాదస్వరం పోటీపడుతుంది. ఆ సినిమానే తెలుగులో "మురిపించే మువ్వలు". గుంటూరు జిల్లాలో పుట్టిన గాయని, మా కరిసల్ నేల నాదస్వరం, రెండు భాషల్లో ఒకే బాణీ. నేను ఒకసారి తమిళంలో విని, తిరిగి వచ్చేటప్పుడు తెలుగులో వింటాను. నడక నిమిషాలు సరిగ్గా సరిపోతాయని కాదు, నాకదో పిచ్చి.

నడక కట్టు

ఇప్పుడు అసలైన కిటుకు. మీకు బాగా నచ్చిన పాడ్‌కాస్ట్‌ను నడకలో తప్ప ఇంకెక్కడా వినకండి. మంచం మీద వద్దు. అన్నం తినేటప్పుడు వద్దు. కథ మధ్యలో ఆగిందా? మిగతాది రేపటి నడకలోనే!

పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కేథరిన్ మిల్క్‌మన్ బృందం ఇదే పరీక్షించి 2014లో ప్రచురించింది. 226 మంది మీద చేశారు. ఒక గుంపుకు విడిచిపెట్టలేనంత ఆసక్తిగా ఉండే ఆడియో పుస్తకాలిచ్చి, అవి జిమ్‌లో మాత్రమే వినేటట్టు కట్టడి చేశారు. మామూలు గుంపు కంటే వాళ్ళు మొదట్లో 51 శాతం ఎక్కువ సార్లు జిమ్‌కు వచ్చారు. తర్వాత ఏమైందో కూడా వినండి. పండగ సెలవులొచ్చాయి. సెలవుల తర్వాత ఆ ఊపు పడిపోయింది!

మీకూ అదే జరుగుతుంది. పొంగల్ వస్తుంది, ఊళ్ళో అమ్మవారి జాతర వస్తుంది, చుట్టాలు వస్తారు, నడక ఆగుతుంది. ఆగితే ఆగనీయండి. పండగ అయిన మర్నాడే ఒక కొత్త సీరియల్ పాడ్‌కాస్ట్‌తో మళ్ళీ మొదలుపెట్టండి. మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టకండి.

రోజూ నేను చేసేది ఇదీ:

1. రాత్రే ఒక ఎపిసోడ్ డౌన్‌లోడ్ చేసి పెడతాను. దిగులుగా ఉన్నప్పుడు వెతకడం మొదలెడితే మళ్ళీ రీల్స్‌లో పడతాం.
2. వాకిలి దాటాకే ప్లే నొక్కుతాను. లోపల నొక్కితే అక్కడే కూర్చుండిపోతాను, నా సంగతి నాకు తెలుసు.
3. స్పీడు పెంచను. కథకు దాని నడక ఉంటుంది, నా కాళ్ళకు వాటి నడక ఉంటుంది.
4. చివరి ఐదు నిమిషాలు ఆపేస్తాను. నెమలి అరుపో, లారీ హారనో, ఏది వినపడితే అది.
5. ఇంటికి రాగానే విన్నదాన్ని ఒక్క నిమిషంలో ఎవరికైనా చెబుతాను.

ఐదోది మాత్రం ఎగ్గొట్టకండి. దిగులు మనిషి నోరు కట్టేస్తుంది. నా గురించి చెప్పమంటే మాట రాదు, కథ గురించైతే వస్తుంది. "ఇవాళ ఒక కథ విన్నాను, అందులో ఒక ముసలాయన..." అని మొదలుపెడితే చాలు. నాకు ముందు అమ్మ దొరికింది. తర్వాత టీ అంగడి అన్న దొరికాడు. ఆయన ఇప్పుడు నేను కనబడితే టీ కంటే ముందు కథ అడుగుతాడు.

ఒక చెవి ఊరికి వదలండి

రెండు చెవులూ మూసుకుని నడవకండి. రోడ్డు మీద లారీలు, వీధుల్లో కుక్కలు, చెరువు గట్టు మీద పాములు ఉన్నాయి. మాకు ఇంకో కారణం కూడా ఉంది. మా ఊళ్ళల్లో పెద్ద చప్పుడు వినపడితే అందరం ఒకేసారి తలెత్తి ఒకే దిక్కుకు చూస్తాం, ఎక్కడైనా పొగ లేస్తోందా అని. ఎవరింటి మనిషి ఏ టపాసుల షెడ్డులో ఉన్నారోనని గుండె ఝల్లుమంటుంది. ఈ నేల మీద బతికేవాళ్ళ దిగుల్లో ఆ భయం కూడా ఒక పాలు. దాన్ని నవ్వుతూ దాటేయమని నేను చెప్పను. ఒక చెవి కథకు ఇవ్వండి, ఒక చెవి ఊరికి ఉంచండి.

ఎండ సంగతి మీకు తెలిసిందే. తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ.

మా అక్కచెల్లెళ్ళు ఒక మాట అంటారు: "నువ్వు మగాడివి, గట్టు మీద ఒక్కడివే పోతావు. మేం చెవిలో వైరు పెట్టుకుని నడిస్తే ఎవరితో మాట్లాడుతోందో అంటారు." నిజం. దీనికి నా దగ్గర పెద్ద ఉపన్యాసం లేదు, చిన్న ఉపాయాలున్నాయి. ఫ్యాక్టరీ వ్యాను ఇంటి ముందు కాకుండా ఒక స్టాప్ ముందే దిగండి. ఇద్దరు ముగ్గురు కలిసి దిగండి. చిన్నగా స్పీకర్‌లో పెట్టి అందరూ వినండి. లేదంటే మిద్దె మీద, గుడి ప్రాకారంలో నడవండి. మా వీధిలో నలుగురు ఇలాగే మొదలుపెట్టారు. అనేవాళ్ళు రెండు వారాలు అన్నారు. మూడో వారం అందులో ఒకావిడ "ఏమి కథ అది?" అంటూ వెంట నడిచింది.

నడక చాలనప్పుడు

ఇక్కడ గట్టిగా చెబుతున్నాను, వినండి. రెండు వారాలకు పైగా రోజంతా దిగులే ఉంటే, నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, ఇష్టమైన పని కూడా చేదుగా అనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బతకడం ఎందుకనే ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగకండి. 14416 కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. తమిళంలో మాట్లాడొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. జ్వరానికి మాత్ర మింగితే ఎవరూ సిగ్గుపడరు. ఇదీ అంతే.

మిగతా రోజులకు మీ కాళ్ళు మీకున్నాయి.

మీ సొంత ఎపిసోడ్

ఒక నెల నడిచాక ఇంకో పని చేయండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ తెరవండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దావిడ పక్కన కూర్చోండి. "అవ్వా, చిన్నప్పుడు చెప్తావే ఆ కథ, ఇంకోసారి చెప్పు" అనండి. అంతే. మధ్యలో ఆపకండి, తప్పులు దిద్దకండి. కి.రా. చేసింది ఇదే. అప్పట్లో ఆయన దగ్గర ఇలాంటి ఫోన్ లేదు, మీ దగ్గర ఉంది.

పోయిన ఏడాది నేను మా అవ్వ గొంతు పద్దెనిమిది నిమిషాలు రికార్డు చేశాను. తుంగభద్ర దాటి వచ్చిన ఏడుగురు అన్నదమ్ముల కథ. వెనక కోడి అరుస్తుంటుంది, కుక్కర్ రెండు విజిల్స్ వేస్తుంది. బాగా దిగులుగా ఉన్న రోజున నేను హర్షణీయం పెట్టుకోను, ఎవరినీ పెట్టుకోను. అదే పెట్టుకుంటాను. పదకొండో నిమిషంలో అవ్వ కథ ఆపేసి, ఫోన్‌కేసి చూసి, "ఇది అంతా యాడికి పోతుంది రా?" అని అడుగుతుంది. ఆ ముక్క నేను కట్ చేయలేదు. గట్టు మలుపు దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా అదే వస్తుంది.